అటకెక్కిన మృదంగం

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



మొన్నామధ్య మా పక్కింటావిడ కనిపిస్తే, "మీ అమ్మాయి డాన్సు క్లాసుకి వెళ్తున్నట్టు లేదే ఈమధ్య?" అని అడిగాను. "మాన్పించేశామండీ, ఈ ఏడు టెన్త్ కదా!" అంది. ఆవిడ ఆ మాట ఎంత తేలిగ్గా అందో, ఒకప్పుడు నేనూ అంత తేలిగ్గానే అన్నాను. రేపట్నుంచి పాల ప్యాకెట్టు ఒకటి తగ్గించమని చెప్పినట్టు, పిల్లల సంగీతమో, నాట్యమో, బొమ్మలు వేసుకోవడమో పదో తరగతి రాగానే తగ్గించేస్తాం. ఎవరూ తప్పుపట్టరు. పైగా బాధ్యత తెలిసిన తల్లి అని మెచ్చుకుంటారు కూడాను.

ఈ రోజు మీతో ముచ్చటించాలనుకున్నది ఈ విషయమే. ఎదిగే వయసు పిల్లలకి కళలు ఏం చేస్తాయి? వాటిని మాన్పిస్తే ఏం పోతుంది? నేను పండితురాలిని కాను. నా ఇంట్లో జరిగింది ముందు చెబుతాను.

మా రెండోవాడు నాలుగేళ్ళు మృదంగం నేర్చుకున్నాడు. తొమ్మిదో తరగతి పరీక్షలు కాగానే దాన్ని పాత దుప్పటిలో చుట్టి అటకమీద పెట్టించాను. "టెన్త్ అయ్యాక మళ్ళీ వాయించుకుందువుగానిలేరా" అన్నాను. వాడు ఏమీ అనలేదు. అన్నం తినేటప్పుడు మాత్రం వాడి వేళ్ళు టేబులు మీద ఆడుతూనే ఉండేవి. "ఆ చప్పుడేమిట్రా, తిను" అని అదీ మాన్పించాను. మార్కులు బాగానే వచ్చాయి. ఇంటర్మీడియట్‌కి ఊరి బయట ఒక హాస్టలు కాలేజీలో చేర్పించాం. దసరా సెలవులకి ఇంటికొచ్చినవాడు తిరిగి వెళ్ళనన్నాడు. బతిమాలాం, కోప్పడ్డాం, వాడి మేనమామతో చెప్పించాం. లాభం లేకపోయింది. దగ్గర్లో ఉన్న మామూలు కాలేజీలో చేర్చాం. వెళ్ళి వస్తాడు, గది తలుపు వేసుకుంటాడు. "కాఫీ తాగుతావా?" అంటే "ఊఁ". "అన్నం?" అంటే "వద్దు". రోజు మొత్తానికి మా ఇద్దరి మధ్యా నడిచే సంభాషణ ఇంతే.

అవి నాకెంత భయం భయంగా గడిచిన రోజులో తల్లులైన మీకు చెప్పక్కర్లేదు. 2019లో తెలంగాణలో ఇంటర్ ఫలితాలు వచ్చిన కొద్ది రోజుల్లోనే ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఆ వార్తలు చదివిన తల్లి ఎవరైనా, మూసి ఉన్న తలుపును చూసి ఊరికే ఉండగలదా?

ఆ డిసెంబరులో మా అపార్టుమెంటువాళ్ళు సంక్రాంతికి పిల్లలచేత ఏదైనా చేయించాలనుకున్నారు. కింది అంతస్తులో రిటైరైన తెలుగు మాస్టారు ఒకాయన ఉన్నారు. "సినిమా పాటలకి గంతులు ఏటా ఉన్నవేగా, ఈసారి బుర్రకథ చెప్పిద్దాం" అన్నారాయన. మా వాడు మెట్ల కమ్మీ మీద వేళ్ళతో దరువు వేసుకుంటూ దిగుతుంటే ఎప్పుడో విన్నారట. ఓ సాయంత్రం నేరుగా మా ఇంటికొచ్చి, ఆ మూసి ఉన్న తలుపు తట్టి, "ఏరా అబ్బాయ్, నాకో వంత కావాలి. చేతిలో లయ ఉన్నవాడు ఈ బిల్డింగులో నువ్వొక్కడివే. రేపు ఆరింటికి మేడమీదికి రా" అని చెప్పి, జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయారు.

బుర్రకథ మీకు తెలియనిది కాదు. ముగ్గురుంటారు. మధ్యనున్న కథకుడు భుజాన తంబుర, వేళ్ళకి అందెలు పెట్టుకుని కథ చెబుతాడు. రెండు పక్కలా వంతలు. వాళ్ళ చేతుల్లో గుమ్మెటలు. వీటినే డక్కీలు అనీ అంటారు. ఒక వంత హాస్యం చెప్పాలి, రెండో వంత లోకం తీరు, రాజకీయం మాట్లాడాలి. కథకుడు ఒక మాట అనగానే వంత అందుకోవాలి. అందుకోకపోతే కథ అక్కడే ఆగిపోతుంది. ఎవరి పాఠం వాళ్ళు అప్పజెప్పి దిగిపోవడం కుదరదు. పక్కవాళ్ళు ఏమంటున్నారో చెవి పెట్టి వినాలి.

కథకురాలు పై అంతస్తులో బి.కాం. చదివే అమ్మాయి. రాజకీయానికి తొమ్మిదో తరగతి కుర్రాడు. మా వాడికి హాస్యం! నోరు విప్పనివాడు నవ్విస్తాడా అని నాలో నేనే నవ్వుకున్నాను. కథ అల్లూరి సీతారామరాజుది. మాస్టారు కథ రాసిచ్చారుగాని హాస్యం మాత్రం రాయలేదు. "అది నీ పని, నువ్వే రాసుకో" అన్నారట.

వారం రోజులు సక్రమంగా వెళ్ళాడు. ఎనిమిదోనాడు ఏం తోచిందో, పడుకుండిపోయాడు. నేను లేపబోతే విసుక్కున్నాడు. ఏడింటికి ఆ బి.కాం. అమ్మాయి వచ్చి గుమ్మంలో నిలబడి, "గంటసేపు మేమిద్దరం గోడకి కథ చెప్పాం. నువ్వు రానంటే ముందే చెప్పు, మానేద్దాం" అని వెళ్ళిపోయింది. నేను నెలల తరబడి పెట్టిన చీవాట్లకు కదలనివాడు ఆ ఒక్క మాటకి లేచి కూర్చున్నాడు. మర్నాడు ఐదున్నరకే మేడమీదికి వెళ్ళాడు. ఎందుకంటారు? నా చీవాట్లన్నీ వాడి కోసం. "నువ్వు బాగుపడాలి, నువ్వు చదవాలి." ఆ అమ్మాయి చెప్పింది వేరు. వాడు లేకపోతే వాళ్ళ పని ఆగిపోతుంది. వాడు ఎవరికో కావాలి అన్నమాట వాడు చాలా కాలానికి విన్నాడు.

సంక్రాంతి నాడు కథ రక్తికట్టింది. సీతారామరాజు ముందుగా కబురు చేసి మరీ పోలీసు స్టేషను మీదికి వచ్చేవాడని చెప్పుకుంటారు కదా, కథకురాలు ఆ ఘట్టం చెప్పగానే మా వాడు గుమ్మెట మీద ఒక దెబ్బ వేసి, "చెప్పి వచ్చినవాడు రామరాజు, వంద ఫోన్లు చేసినా రానిది మన నీళ్ళ ట్యాంకరు!" అన్నాడు. అసోసియేషను సెక్రటరీగారితో సహా అందరూ పడిపడి నవ్వారు. నాకు నవ్వుతోబాటు ఏడుపూ వచ్చింది. వాడి మనసులో ఇంత చమత్కారం ఉందని తల్లినై ఉండీ నాకు తెలియలేదే!

ఇది చెప్పి, ఆ తర్వాత వాడికి ర్యాంకు వచ్చిందని చెబుతానేమో అనుకుంటున్నారు కాబోలు. రాలేదు. ఇంటర్‌లో మామూలు మార్కులే. డిగ్రీ చదివి ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటున్నాడు. కళాకారుడూ కాలేదు. అయితే ఆ జనవరి తర్వాత మా ఇంట్లో ఆ గది తలుపు తీసి ఉంటోంది. నాకు అది చాలు.

ఇదంతా ఒక తల్లి అనుభవం, అందరికీ ఇలాగే జరుగుతుందా అని మీరు అడగవచ్చు. అమెరికాలో హ్యూస్టన్ నగరంలో దీన్ని పరీక్షించి చూశారు. 42 బడులు, పదివేలమందికి పైగా పిల్లలు, మూడో తరగతి నుంచి ఎనిమిదో తరగతి దాకా. లాటరీ వేసి కొన్ని బడులకు నాటకం, సంగీతం, నృత్యం, చిత్రకళ తెలిసినవాళ్ళ సాయం అదనంగా అందేట్టు చేశారు. 2019లో ఫలితాలు ప్రకటించారు. కళలు అందిన బడుల్లో అల్లరి చేసి శిక్షకు గురైన పిల్లలు నూటికి 3.6 చొప్పున తగ్గారు. పిల్లల రాత మెరుగుపడింది, తోటివాళ్ళ బాధని పట్టించుకునే గుణం పెరిగింది. లెక్కల్లో, సైన్సులో మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. చూశారా, ఆ సబ్జెక్టుల్లో మార్కులు పెరగలేదు, అలాగని కళలకు ఇచ్చిన సమయంవల్ల చదువూ దెబ్బతినలేదు. మనం భయపడేది దానికేగా!

రిచర్డ్ లెర్నర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త, ఎదిగే పిల్లలని సరిచేయాల్సిన సమస్యలుగా చూడకండి, వాళ్ళలో ఉన్న బలాన్ని పెంచండి అంటాడు. ఆయన చెప్పే గుణాలు ఐదు: పనితనం, ఆత్మవిశ్వాసం, నలుగురితో అనుబంధం, శీలం, దయ. ఈ ఐదింటికీ మన బుర్రకథలో చోటుంది.

ఆ మాటకొస్తే మనకిది కొత్తా? కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో 'కీచకవధ' ఆడి మొదలైన సురభి నాటక కుటుంబాల్లో పిల్లలు మాటలు వచ్చీరాగానే రంగం మీదికి వచ్చేవారు. ఆ కుటుంబాల్లో వేషం కట్టడం ఒక్కటే పని కాదు. తెరలు లాగడం, దీపాలు చూడడం, అన్నిటికీ మనుషులు కావాలి. పనికిరాని పిల్లవాడంటూ ఉండడు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు, మన రేడియో అన్నయ్య, అక్కయ్యలు, రేడియోలో పిల్లలచేతనే పాడించి, ఆడించి, మాట్లాడించారు. వాళ్ళు 1945లో పెట్టిన 'బాల' పత్రికలో బాపు, ముళ్ళపూడి వెంకటరమణ కుర్రతనంలోనే కనిపించారు. అందరూ బాపు, రమణలు కాలేదు. కాని మైకు ముందు నిలబడి తన గొంతు తాను విన్న పిల్లవాడు ఆ ధైర్యాన్ని జన్మంతా దాచుకుంటాడు.

ఇప్పుడు మనం ఏం చేయాలి? నాకు తోచినవి నాలుగు మాటలు చెబుతాను.

మొదటిది, పదో తరగతి వచ్చిందని పూర్తిగా మాన్పించకండి. వారానికి మూడు క్లాసులుంటే ఒకటి చేయండి. ఆ ఒక్క గంటా ఉంచండి. పాడగా పాడగా రాగం అన్నారు, మానేసినదాన్ని మళ్ళీ ఎత్తుకోవడం ఎంత కష్టమో చిన్నప్పుడు వీణ వదిలేసిన మనకే తెలుసు.

రెండోది, ఒంటరిగా నేర్చుకునే విద్యకి ఎప్పుడైనా నలుగురితో కలిసే అవకాశం కల్పించండి. కోలాటం, బృందగానం, వీధినాటకం, బుర్రకథ, ఏదైనా సరే. కోలాటంలో ఒక్కరు అడుగు తప్పితే పక్కవారి కోల గాలిలో ఆగుతుంది. ఆ బాధ్యత మనం చెబితే రాదు, ఆడితే వస్తుంది. పాడలేని, ఆడలేని పిల్లలకి తెర కట్టే పని, దుస్తులు కుట్టే పని ఇప్పించండి.

మూడోది, ఆ పని నేర్పే పెద్దమనిషిని మనం కాకుండా ఉండనివ్వండి. తల్లిదండ్రులు చెబితే గోలగా వినిపించేది మాస్టారు చెబితే మాటగా వినిపిస్తుంది. రిహార్సల్సుకి వెళ్ళి పక్కన కూర్చోకండి. నేను ఒకనాడు వెళితే మాస్టారు, "అమ్మా, టీ పంపించండి, మీరు రాకండి" అన్నారు! ఆడపిల్లని సాయంత్రం ఎలా పంపడమని బెంగ ఉంటే, మేడమీదనో, ఎవరి ఇంటి హాల్లోనో ఏర్పాటు చేయండి. అంతేగాని పెద్దమనిషి అయిందని నాట్యం మాన్పించకండి.

నాలుగోది, పోటీలకీ బహుమతులకీ తొందరపడకండి. టీవీ పోటీలో ఓడిపోయిన పిల్లవాడికి పాటమీదే విరక్తి కలగవచ్చు. పోటీ కాదు, ఒక తేదీ పెట్టండి. ఫలానా పండగనాటికి నలుగురి ముందూ చూపించాలి అంటే చాలు. హైదరాబాదులో ఉన్నవాళ్ళకి పబ్లిక్ గార్డెన్సులో జవహర్ బాల భవన్ ఉంది. శ్రద్ధగా నేర్చుకునే పదేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకి ఢిల్లీలోని సి.సి.ఆర్.టి. సంస్థ ఉపకారవేతనాలు ఇస్తుంది. ఆ వివరాలు కనుక్కోండి.

ఇంకొక్క మాట. కళ అన్నిటికీ మందు కాదు. పిల్లవాడు తిండి, నిద్ర మాని, బతుకు మీద ఆశ లేనట్టు మాట్లాడుతుంటే బుర్రకథకోసం ఎదురుచూడకండి, వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళండి. ప్రభుత్వంవారి టెలి మానస్ 14416 నంబరుకి ఏ వేళనైనా ఫోను చేయవచ్చు, ఖర్చు లేదు.

మా మృదంగం సంగతి చెప్పలేదు కదూ. పండగ అయిన మర్నాడు వాడే అటకెక్కి దించాడు. వార్లు వదులైపోయాయి, కుడి మూత మీది నల్లటి పూత పొరలు లేచింది. బాగుచేసే అతను చూసి, "ఎన్నాళ్ళు వాయించలేదమ్మా దీన్ని?" అన్నాడు. ఏడాదిన్నర దాటిందని చెప్పడానికి సిగ్గువేసింది. వారంలో బాగుచేసి ఇచ్చాడు. ఇప్పటికీ ఆదివారం పూట మా వాడు దాన్ని ముందేసుకుంటాడు. వంటింట్లో పోపు పెడుతూ వింటుంటాను.

నిన్న మా పక్కింటావిడ మళ్ళీ వచ్చింది. వాళ్ళమ్మాయి గజ్జెలు ఎక్కడో పెట్టి మర్చిపోయిందట, వెతుకుతున్నానంది.