పరదేశంలో ఫోను ఖర్చు



హజ్‌కో ఉమ్రాకో పోయినవారు, గల్ఫ్‌లో పని చేసుకుంటున్నవారు మన సభ్యులలో చాలామంది ఇళ్లలో ఉన్నారు. టికెట్టుకూ, సామానుకూ పైసా పైసా లెక్క వేస్తాము. ఫోను సంగతి మాత్రం విమానం ఎక్కేదాకా గుర్తుకు రాదు. అందుకే ఈ నాలుగు మాటలు.

మేము బడిలో పాఠం చెప్పుకునేవాళ్లము గనుక ఒక లెక్కతో మొదలుపెడతాము. నిమిషానికి 50 రూపాయలు పడుతుందనుకోండి. రోజుకు పది నిమిషాలు మాట్లాడితే 500. నలభై రోజులకు 20,000 రూపాయలు! ఒక బీద పిల్లవాని చదువుకు అక్కరకు వచ్చే సొమ్ము అది.

ఇంత ఎందుకు అవుతుంది? మన సిమ్ము అక్కడ వేరే కంపెనీ టవరు మీద నడుస్తుంది. ఆ కంపెనీ మన కంపెనీని అడుగుతుంది, మన కంపెనీ మనల్ని అడుగుతుంది. దీనినే రోమింగ్ అంటారు. ఇక్కడ వచ్చిన కాలుకు డబ్బు లేదు. అక్కడ ప్యాకు లేకుంటే వచ్చిన కాలుకూ పడుతుంది. ఇంటినుండి మనవాళ్లు ప్రేమతో అరగంట మాట్లాడితే భారం హాజీగారి మీదనే.

ఇంటర్నెట్టు సంగతి మరీ ఘోరం. మనం ఫోను ముట్టకపోయినా అది ఊరుకోదు. గ్రూపుల్లో వచ్చే ఫొటోలూ వీడియోలూ దించుకుంటూనే ఉంటుంది. కాబట్టి బయలుదేరేముందే సెట్టింగులలో డేటా రోమింగ్ ఆపాలి. వాట్సాప్‌లో ఫొటోలు తమంతట తామే దిగకుండా చేయాలి. విమానంలో ఎయిర్‌ప్లేన్ మోడ్ తప్పదు. కొన్ని విమానాలలో ఉపగ్రహం మీద నడిచే నెట్‌వర్క్ ఉంటుంది, దాని ధర మరీ ఎక్కువ.

మరి దారి ఏమిటి? కొద్ది రోజులకైతే మన కంపెనీ రోమింగ్ ప్యాకు ఇక్కడే వేయించుకోవచ్చు. అందులో సౌదీ ఉందా, ఎన్ని నిమిషాలు, రోజులు ఎప్పటినుండి లెక్క అని అడిగి తెలుసుకోవాలి. ఎక్కువ రోజులుంటే అక్కడి సిమ్మే నయం. ఎస్.టి.సి., మొబైలీ, జైన్ అనే కంపెనీలు అక్కడ ఉన్నాయి. పాస్‌పోర్టు చూపి, వేలిముద్ర వేసి మన పేరనే తీసుకోవాలి. ఎవరో ఇచ్చిన సిమ్ము వాడవద్దు.

మన సిమ్మును పారేయకండి, రెండో గదిలో ఉంచండి. బ్యాంకు ఓటీపీలు దానికే వస్తాయి. దాని రీచార్జి గడువు దాటనీయవద్దు. వాట్సాప్ పాత నంబరుతోనే నడుస్తుంది, నంబరు మార్చనక్కరలేదు. బసలో వైఫై ఉంటే మాటలకు వాడుకోండి. బ్యాంకు పని మాత్రం దానిమీద వద్దు.

దుబాయి, అబుధాబీ పోయేవారికి ఒక మాట. అక్కడ వాట్సాప్ సందేశాలు పోతాయి గాని కాల్స్‌కు అడ్డు ఉంది. అనుమతి ఉన్న బోటిమ్ వంటివి పోయేముందే ఇంటివాళ్ల ఫోనులో కూడా పెట్టించండి.

ఇంట్లో ఉన్నవారూ కొంత తెలుసుకోవాలి. సౌదీ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనుక. మనకు ఉదయం ఏడైతే వారికి నాలుగున్నర. మాట్లాడే వేళ ముందే అనుకుంటే ఊరికే కాల్స్ చేయనక్కరలేదు, వారి నిద్రా చెడదు.

పొదుపు అంటే మూగగా ఉండమని కాదు. మీనాలో గుడారాలన్నీ ఒక్కలాగే కనబడతాయి. పెద్దవారు దారి తప్పితే ఆ ఒక్క కాలే ఆధారం. అందుకని కొన్ని నిమిషాలు ఎప్పుడూ మిగిల్చి ఉంచుకోవాలి. బ్యాటరీ అయిపోతే ఫోను ఉత్త డబ్బా. బస చిరునామా, తోటివారి నంబరు కాగితంమీద రాసి జేబులో పెట్టుకోవాలి. మన నంబర్లను ముందు +91 చేర్చి దాచుకోవాలి.

చివరగా మన యువకులకు ఒక విన్నపం. మీ వీధిలో పెద్దవారెవరైనా బయలుదేరుతుంటే ముందురోజు ఒక గంట వారి పక్కన కూర్చోండి. ఫోను వారి చేతిలోనే ఉంచి, వారి వేలితోనే నొక్కించి నేర్పండి. మీరు చేసి ఇస్తే జిద్దాలో మరచిపోతారు, వారు చేస్తే గుర్తుంటుంది.