బుద్ధిమాంద్యము విధివ్రాత కాదు

(ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతముల గ్రామస్థుల సభలకై వ్రాసిన ప్రసంగ పాఠము)



నడుము వంగి, కీళ్ళు బిగిసికొనిపోవు ఫ్లోరోసిస్ వ్యాధి మన నెల్లూరు జిల్లాలో కలదని వైద్యులు 1937లో లోకమునకు తెలిపిరి. దానికి మూలము పూర్వజన్మ పాపము కాదు, త్రాగు నీటిలోని ఫ్లోరైడు. కారణము తెలిసిన పిమ్మటనే నివారణ మార్గము కనబడినది. బుద్ధిమాంద్యముగల బిడ్డల విషయమునను మనము అట్లే కారణము వెదకవలెను.

బుద్ధిమాంద్యము పిచ్చి కాదు, అంటువ్యాధియు కాదు. మెడ నిలుపుట, నడచుట, మాటలాడుట తోడి పిల్లలకంటె చాల ఆలస్యమైనచో వైద్యునకు చూపవలెను. అన్నింట చురుకుగా నుండి, చదువు వ్రాతలు మాత్రము పట్టుబడని బిడ్డల ఇబ్బంది వేరు. వారిని మందమతులనరాదు.

కారణములు పెక్కు. కొన్ని పుట్టుకతో వచ్చు జన్యులోపములు; మేనరికములవలన వీనిలో కొన్ని హెచ్చును. గర్భిణికి అయొడిన్ చాలకున్నను, కాన్పు కష్టమై బిడ్డకు ఊపిరి అందకున్నను, పసికందుకు కామెర్లు ముదిరినను, మెదడువాపు సోకినను హాని కలుగవచ్చును. కొందరి విషయమున కారణము తెలియనే తెలియదు. కావున తల్లిని నిందించుట అన్యాయము.

నివారింపగలవానిని నివారింతము. అయొడిన్ కలిపిన ఉప్పునే వాడుడు. కాన్పు ఆసుపత్రిలోనే జరుపుడు. పుట్టుకతో థైరాయిడ్ లోపమున్న శిశువును రెండు వారములలోగా గుర్తించి మాత్రలు మొదలిడినచో బుద్ధి చాలవరకు దక్కును.

ఇక మేము ముఖ్యముగ చెప్పదలచినది ఇది. ఇట్టి బిడ్డ తల గోడకు కొట్టుకొనినను, అన్నము మానినను, రాత్రులు ఏడ్చినను, "వాని తీరే అంత" అని ఊరకుందుము. చెవిపోటో, పంటినొప్పియో, మలబద్ధకమో వాడు చెప్పలేడు. నడత హఠాత్తుగా మారినచో ముందు శరీరమును పరీక్షింపజేయుడు. చూపును, వినికిడిని తప్పక చూపింపుడు. డౌన్ సిండ్రోమ్ గల బిడ్డకు గుండె, థైరాయిడ్ పరీక్షలు అవసరము. మూర్ఛ మందును వైద్యుడు చెప్పక ఆపరాదు. మూర్ఛ వచ్చినపుడు చేతికి తాళములిచ్చుట, నోట నీరు పోయుట మాని, ప్రక్కకు తిప్పి పరుండబెట్టుడు. ఐదు నిమిషములు దాటినచో 108కి ఫోను చేయుడు.

ఉదయగిరినుండి నెల్లూరునకు సుమారు 100 కిలోమీటర్లు. పోయి వచ్చుటకు ఒకనాటి కూలి పోవును, బస్సు ఖర్చగును. ఆ కష్టము మేమెరుగుదుము. అందుచే ముందుగ మీ ఊరి ఆశా కార్యకర్తకో, అంగన్‌వాడీ కార్యకర్తకో తెలుపుడు. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము పుట్టినది మొదలు 18 ఏండ్ల వరకు పిల్లలను పరీక్షించుటకే ఏర్పడినది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము ప్రకారము 40 శాతమునకు తగ్గని వైకల్యమున్న బిడ్డకు 6 మొదలు 18 ఏండ్ల వరకు ఉచిత విద్య హక్కు. 1984లో సికింద్రాబాదున స్థాపితమైన జాతీయ సంస్థ ఇట్టివారి శిక్షణకై పనిచేయుచున్నది.

మీ వీధిలో ఇట్టి బిడ్డ ఇంటి మూలన కూర్చుండి యున్నచో, ఈ వారమే ఆ తల్లితో మాటలాడుడు. ఆ బిడ్డ నొప్పిని అడిగి తెలిసికొను వారుండవలెను.