డిలీట్ కొడితే పోయినట్టేనా?
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక మీద సాధారణంగా పాటలూ పద్యాలూ వినిపిస్తాయి. నన్ను మాత్రం పాత కంప్యూటర్ గురించి మాట్లాడమన్నారు. సిగ్నల్స్‌లో పనిచేసిన పాపానికి తప్పదు.

మన ఢిల్లీలో పాత కంప్యూటర్ వదిలించుకోవడం చాలా తేలిక. నెహ్రూ ప్లేస్‌లో ఎవరో ఒకరు కొంటారు, లేదా కబాడీవాలా తూకానికి పట్టుకుపోతాడు. అది సీలంపూర్ చేరితే ముక్క ముక్కా విడదీస్తారు. పనిచేసే డిస్కుని మాత్రం ఎవరూ పారెయ్యరు, మళ్ళీ అమ్ముతారు.

2003లో ఎంఐటీకి చెందిన ఇద్దరు పరిశోధకులు తాము కొన్న 158 పాత డిస్కుల ఫలితాలు ప్రచురించారు. చదవడానికి వీలైన 129లో సరిగ్గా తుడిచినవి 12 మాత్రమే! 2006లో అఫ్ఘానిస్తాన్‌లో బగ్రామ్ స్థావరం బయటి బజారులో అమెరికన్ సైన్యం నుంచి దొంగిలించిన పెన్ డ్రైవ్‌లు అమ్ముడయ్యాయి. వాటిలో రహస్య పత్రాలున్నాయి. ఇక 2009లో బ్రిటన్ పరిశోధకులు ఈబేలో కొన్న పాత డిస్కులో థాడ్ క్షిపణి ప్రయోగ పరీక్షల వివరాలు బయటపడ్డాయి.

ఎందుకిలా? ఫైలు డిలీట్ చేయడమంటే, బీరువాలో ఫైలు అలాగే ఉంచి రిజిస్టర్‌లో పేరు కొట్టేయడం. క్విక్ ఫార్మాట్ అంటే కొత్త రిజిస్టర్ తెరవడం. బీరువా జోలికి ఎవరూ పోలేదన్నమాట.

నోయిడాలో మా కాలనీలో ఒక వదినగారు ఉన్నారు. మావాడు పోయి ఏడాదైంది. "ఆయన కంప్యూటర్ ఊరికే పడుంది అన్నయ్యగారూ, పనమ్మాయి కొడుక్కి ఇద్దామనుకుంటున్నా. అల్లుడు ఫార్మాట్ కొట్టి విండోస్ మళ్ళీ వేశాడు, ఒక్కసారి చూసిపెట్టండి" అన్నారు. డిస్కు విప్పి నా కంప్యూటర్‌కి తగిలించి, ఉచితంగా దొరికే రికవరీ ప్రోగ్రామ్ నడిపాను. పీపీఓ కాపీ, పాన్ కార్డు, బ్యాంకు కాగితాలు వరసగా లేచాయి. వాటి వెనకాల లేహ్ ఫొటోలు. మంచులో గడ్డంతో నవ్వుతూ మావాడు. ఆవిడ చాలాసేపు చూసి, "ఇవి మా దగ్గర లేవండీ" అన్నారు. ఫొటోలు రెండు చోట్ల కాపీ చేసి, తెరిచి చూసుకున్నాకే డిస్కు తుడిచాను.

మెయిన్ డిస్కుతో చిక్కేమిటంటే, విండోస్ దాని మీదే నడుస్తోంది. కూర్చున్న కొమ్మను నరుక్కోమంటే అది ఒప్పుకోదు. అందుకని పెన్ డ్రైవ్ నుంచి బూట్ చేసి డీబాన్ లాంటి ప్రోగ్రామ్‌తో తుడవాలి. ముందు మిగతా డిస్కులన్నీ పీకెయ్యండి, దానికి మనవీ పరాయివీ తేడా తెలియదు. మామూలు హార్డ్ డిస్కుకి ఒక్కసారి మొత్తం సున్నాలు రాస్తే చాలు. 35 సార్లు రాయాలన్న మాట 1996 నాటి గట్‌మన్ వ్యాసం నుంచి వచ్చింది. ఈనాటి డిస్కులకి అది అనవసరమని ఆయనే తరవాత చెప్పారు. 500 జీబీకి రెండు గంటలు పట్టొచ్చు, భోంచేసి రండి. విండోస్ 10, 11లలో 'రీసెట్ దిస్ పీసీ'లో 'రిమూవ్ ఎవ్రీథింగ్' ఎంచుకుని, 'క్లీన్ డేటా' కూడా ఆన్ చేస్తే ఇంటి అవసరానికి సరిపోతుంది.

ఎస్ఎస్‌డీ అయితే ఈ పద్ధతి నమ్మకూడదు. మనం ఒకచోట రాయమంటే అది లోపల మరోచోట రాస్తుంది, పాతది మిగిలిపోవచ్చు. తయారీదారు ఇచ్చే ప్రోగ్రామ్‌లోనో, బయోస్‌లోనో 'సెక్యూర్ ఎరేజ్' ఉంటుంది, అది వాడండి. అసలు తిరగని డిస్కుని విప్పి లోపలి పళ్ళేలు పగలగొట్టడమే. ఎస్ఎస్‌డీలో అయితే చిప్పులు నుగ్గు చెయ్యాలి. అయస్కాంతంతో రుద్దితే దానికి ఏమీ కాదు.

సర్వీసులో ఉన్న తమ్ముళ్ళకి ఒక మాట. ఇదంతా సొంత కంప్యూటర్ సంగతి. ఆఫీసు డిస్కు మీద ఈ ప్రయోగాలు చెయ్యకండి, దాని ఆదేశాలు దానికున్నాయి.

స్క్రూడ్రైవరు, ఒక పాత డిస్కు తెచ్చాను. టీ విరామంలో ఆ మూల బల్ల దగ్గరికి రండి, విప్పి చూపిస్తాను.