నెల రోజులు, మూడు నవలలు

ఈ నెలంతా రాత్రి భోజనాలయ్యాక పాత తెలుగు నవలలు మూడు చదివాను. రావిశాస్త్రి 'అల్పజీవి' తొందరగానే పూర్తయింది. అందులోని సుబ్బయ్య పిరికితనం మాత్రం ఇంకా కలవరపెడుతోంది. నవీన్ 'అంపశయ్య' అంత తేలిగ్గా సాగలేదు. 1969లో వచ్చిన ఈ నవలంతా విద్యార్థి రవి జీవితంలో ఒకే ఒక్క రోజు. అతని ఆలోచన ఎటు పోతే వాక్యం అటే పోతుంది. తొలి పది పేజీలు రెండుసార్లు చదివాకే ఆ నడక పట్టుబడింది.

అన్నిటికన్నా నా మనసుకు హత్తుకున్నది డాక్టర్ పి. శ్రీదేవి 'కాలాతీత వ్యక్తులు'. ఉద్యోగం చేసి తండ్రిని పోషించే ఇందిర ఎవరి జాలీ కోరదు, ఎవరికీ సంజాయిషీ ఇవ్వదు. ఆ రోజుల్లో ఎంత గుండెధైర్యం! 1963 నాటి 'చదువుకున్న అమ్మాయిలు' సినిమాకు ఆధారం ఈ నవలే. సినిమా చూసినవారు నవలనూ తప్పక చదవండి.