పేషెంటు పక్కన నిద్ర

పెద్దాయన మంచం మీద, కొడుకో కోడలో కింద చాప మీద. మన పెద్దాసుపత్రుల్లో రాత్రి ఏ వార్డు చూసినా ఇదే. లైట్లు ఆర్పరు. సెలైన్ అయిపోతుందేమోనని ఒక కన్ను సీసా మీదే. కునుకు పట్టేసరికి బీపీ చూడ్డానికి సిస్టర్ వస్తుంది. ఆవిడ వెళ్లాక పెద్దాయన బాత్రూమ్‌కని లేపుతాడు.

నిద్ర ఒక్కో విడత సుమారు 90 నిమిషాలు. మధ్యలో లేపితే గాఢనిద్ర తెగిపోతుంది, అందుకే రాత్రంతా పడుకున్నా ఒళ్లు తేలికపడదు. ఏకబిగిన 17 గంటలు మేలుకుంటే మనిషి చురుకు, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి స్థాయికి దిగుతుందని 1997లో ఒక ప్రయోగం చూపింది. మన చట్టం బండి నడిపేవాళ్లకు ఒప్పుకునేది 0.03 శాతమే! మనమేమో ఆ మత్తులోనే మందుల చీటీ చదువుతాం, తెల్లారి బైకెక్కుతాం.

రాత్రి మందులు, ఇంజెక్షన్లు ఎన్నింటికో సిస్టర్‌ని ముందే అడగండి. మధ్యలో దొరికే వేళ తెలుస్తుంది. సాయంత్రం తర్వాత టీ మానండి. మధ్యాహ్నం 20 నిమిషాల కునుకు మంచిదే. ఇక పళ్లూ హార్లిక్సూ పట్టుకొచ్చే చుట్టాలకో మాట: అవి లేకపోయినా ఫర్వాలేదు. "రెండు గంటలు నేనుంటా, నువ్వెళ్లి పడుకోమ్మా" అనండి.