మడ్డి లారీతోపాటు పరీక్ష కాగితం రావాలి

(ఏలూరు రైతు సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పట్నం మురుగు మనకు కొత్త కాదు. బుడమేరు, తమ్మిలేరు మోసుకొచ్చిందంతా కొల్లేరులోకే దిగుతుంది. సముద్రానికి పోయే దారి ఒక్క ఉప్పుటేరే. 2002లో కొల్లేరుకి రామ్‌సర్ గుర్తింపు వచ్చింది, మురుగు మాత్రం ఆగలేదు. ఇప్పుడు ఆ మురుగుని శుద్ధి చేశాక అడుగున మిగిలే మడ్డిని ఎరువుగా వాడుకోమంటున్నారు.

మేము వద్దనడం లేదు. అందులో నత్రజని ఉంది, భాస్వరం ఉంది, జింకూ ఉంది. డి.ఎ.పి. బస్తా కోసం సొసైటీ ముందు చెప్పులు క్యూలో పెట్టినవాళ్లం, భాస్వరం విలువ మాకు తెలుసు. అదే భాస్వరం మురుగుతో చెరువులో పడితే నాచు పెరిగి, తెల్లారేసరికి చేప నీళ్లపైకొచ్చి నోరు తెరుస్తుంది. చేలో పడితే గింజవుతుంది.

గొడవంతా దాంతో కలిసొచ్చే వాటితోనే. బ్యాటరీ దుకాణాలు, లోహాలకి పూత వేసే షాపుల నీళ్లు ఇళ్ల మురుగులో కలిస్తే సీసం, నికెల్, కాడ్మియం వస్తాయి. శుద్ధి కేంద్రం వాటిని మాయం చెయ్యదు, నీళ్లలోంచి తీసి మడ్డిలో చేరుస్తుంది. గ్యాసు తీశాక మడ్డి తగ్గుతుంది గాని లోహం తగ్గదు, ఇంకా చిక్కబడుతుంది. చేలో నీరు నిలిచినంతకాలం కాడ్మియం చాలావరకు మట్టిలో అణిగి ఉంటుంది. కోతకి ముందు నీరు తీసేస్తాం చూడండి, అప్పుడు వేరుకి అంది గింజలోకి ఎక్కుతుంది. తర్వాత ఎంత దున్నినా పోదు.

2020 డిసెంబరులో ఇదే ఏలూరులో వందల మంది మూర్ఛలొచ్చి పడిపోయారు. రోగుల రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఎయిమ్స్ పరీక్షల్లో తేలింది, పురుగుమందుల మీదా అనుమానం వచ్చింది. దానికీ మడ్డికీ ముడిపెట్టడం లేదు. జనం పడిపోయాక పరీక్షలు చేయడం చూసినవాళ్లం గనక ముందే చేయమంటున్నాం.

అమెరికాలో మెయిన్ రాష్ట్రం 2022లో పొలాల్లో మడ్డి చల్లడాన్ని నిషేధించింది. ఎన్నేళ్లైనా విరగని రసాయనాలు అక్కడి నేలలోకి, పాలలోకి చేరాయి. మడ్డి నీళ్లలో మెగ్నీషియం కలిపి భాస్వరాన్ని పలుకులుగా విడదీసే పద్ధతి ఉంది, వాటిలో లోహాలు బాగా తక్కువ. ఖర్చుంటుంది, నిజమే. ఆ ఖర్చు పట్నానిది, మనది కాదు.

మన ఎరువుల నియంత్రణ ఉత్తర్వులోనే పట్టణ కంపోస్టుకి హద్దులున్నాయి: కిలోకి కాడ్మియం 5 మిల్లీగ్రాములు, నికెల్ 50, సీసం 100. ప్రతి లారీతో ఆ కాగితం ఇమ్మనండి. తాడేపల్లిగూడెంలో నిట్ ఉంది, పక్కనే వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. మట్టి, మడ్డి పరీక్షలకి వాళ్ల సాయం అడుగుదాం.

ఇంకోటి. రాత్రిపూట సెప్టిక్ ట్యాంకర్లు మురుగు కాలువల్లో వదిలేసి పోతున్నాయి. నులిపురుగుల గుడ్లు ఆ బురదలో నెలల తరబడి బతుకుతాయి. నాట్లేసే ఆడవాళ్లు దిగేది అందులోకే, అదీ ఒట్టి కాళ్లతో. ట్యాంకరు ఎక్కడ దింపాలో మున్సిపాలిటీ చెప్పాలి, చెప్పినచోటే దింపించాలి.

ఇవన్నీ రాసిన అర్జీ వెనక బల్ల మీద ఉంది. వెళ్లేముందు ఊరి పేరు రాసి సంతకం పెట్టండి.