సంసారమనే సర్కసు



నెలాఖరున ఇల్లు గడుపుకొనే గృహిణి "సర్కసు చేస్తున్నామమ్మా" అంటుంది. తల్లిదండ్రుల మందులకు, పిల్లల చదువులకు నడుమ నలిగే ఉద్యోగి "రోజూ సర్కసు ఫీట్లే" అంటాడు. "కత్తిమీద సాము" అనే మన పాత పలుకుబడికి భావము కూడా ఇదే. ఈ మాటలను మనము విసుగుతో అంటాము. వాటిలో మనకు కనిపించేది ప్రమాదము మాత్రమే. దాని వెనుకనున్న అభ్యాసమును మనము తలచము.

శ్రీరామకృష్ణ పరమహంస ఆ అభ్యాసమునే చూచారు. 1882 నవంబరు 15వ తేదీన ఆయన భక్తులతో కలిసి కలకత్తా మైదానములో విల్సన్ సర్కసుకు వెళ్ళారు. ఎనిమిదణాల టిక్కెట్టు తీసుకొని, గ్యాలరీలో ఎత్తైన చోట బల్లపై కూర్చుండి బాలునివలె ఆనందించారు. గుండ్రని బాటలో గుఱ్ఱము పరుగెత్తుచున్నది. దాని వీపుపై ఒంటికాలిమీద నిలిచిన ఆంగ్లేయ వనిత, పైన వ్రేలాడే ఇనుప వలయముల గుండా దుమికి, మరల ఒంటికాలితోనే గుఱ్ఱముపై నిలుచుచున్నది.

ఆట ముగిసిన పిమ్మట పరమహంస మహేంద్రనాథ గుప్తతో చెప్పిన మాటల సారమిది: ఆమె ఎన్నాళ్ళు అభ్యసించినదో గదా! ఏమరుపాటు కలిగితే కాళ్ళుచేతులు విరుగుతాయి, ప్రాణమే పోవచ్చును. సంసారమూ అంత కఠినమే. సాధనచేత, దైవకృపచేత కొందరు నిలుస్తారు, పెక్కుమంది పడిపోతారు. 'కథామృతము'లో గుప్త ఈ దినమును వ్రాసియుంచారు.

ఇట్టి ఉపమానము మన శాస్త్రములకు క్రొత్త కాదు. శంకర భగవత్పాదులు బ్రహ్మసూత్ర భాష్యములో ఒక గారడివానిని చూపారు. కత్తి, డాలు ధరించి త్రాటిమీద ఆకాశమునకు ఎక్కుచున్నట్లు కనిపించేవాడు మాయాకల్పితుడు. నిజమైన గారడివాడు నేలపైననే నిలిచియున్నాడు. అవిద్యాకల్పితుడైన జీవునికంటె పరమేశ్వరుడు అట్లే వేరు. ఊగిసలాట త్రాటిమీది వానిదే గాని నేలమీది వానిది కాదు.

కావున మనము చేయవలసినదేమి? గుఱ్ఱము పరుగెత్తుచుండగా అభ్యాసము మొదలుపెట్టువాడు పడక తప్పదు. అప్పులవాడు గుమ్మములో నిలిచినప్పుడు, ఇంట మాటామాటా పెరిగినప్పుడు జపమాల కొరకు వెదకిన మనస్సు వెంటనే నిలువదు. ఇల్లు మేల్కొనకముందే పావుగంట నామస్మరణ చేయుదము. నిన్న తప్పిపోయినచో నేడు మరల కూర్చుందము. పనులు తగ్గకపోవచ్చును. వాటి నడుమ నిలువగల బలమును మాత్రము సర్వేశ్వరుడు మనకందరకు ప్రసాదించుగాక!

స్వస్తి.